ఫుల్ థ్రాటిల్‌లో దిగిపోయే పాత ఔట్‌బోర్డ్: ఇంజన్ విప్పే ముందు పెట్రోల్ దారి చూడండి

ప్రశ్న: నా దగ్గర పడవ వెనక తగిలించే 30 హెచ్‌పీ పాత టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటార్ ఉంది. రెండు సిలిండర్లు, ఒక కార్బ్యురేటర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఒకటి రెండు సార్లు తాడు లాగితే చాలు, స్టార్ట్ అవుతుంది. ఐడ్లింగ్ బాగుంది. సగం థ్రాటిల్‌లో ఎంతసేపైనా పోతుంది. ఫుల్ ఇస్తే మాత్రం ఒక నిమిషం బాగా లాగి, తర్వాత గొంతు నొక్కినట్టు మెల్లగా దిగిపోతుంది. థ్రాటిల్ తగ్గించి కాసేపు ఆగితే మళ్లీ మామూలే. మళ్లీ ఫుల్ ఇస్తే మళ్లీ అదే కథ. ప్లగ్గులు మార్చాను. కార్బ్యురేటర్ రెండుసార్లు విప్పి కడిగాను. మెకానిక్ తాడు లాగి చూసి, కంప్రెషన్ పోయింది, ఇంజన్ కట్టాల్సిందే అంటున్నాడు. కట్టించనా, అమ్మేయనా? ఇంకో విషయం, జాగ్రత్త కోసం పెట్రోల్‌లో ఆయిల్ కాస్త ఎక్కువే కలుపుతున్నాను. తప్పు లేదుగా?

జవాబు: ఇప్పుడే కట్టించకండి, అమ్మకండి. మీరు రాసిన లక్షణాలు అరిగిపోయిన ఇంజన్‌వి కావు. పెట్రోల్ చాలని ఇంజన్ లక్షణాలు. ఉత్తరం చూసి నూటికి నూరుపాళ్లు అదేనని ఎవరూ చెప్పలేరు గానీ, వెతకడం మాత్రం అక్కడే మొదలుపెట్టాలి.

ఇంత ధీమాగా ఎందుకు అంటున్నానంటే, మీరే ఒక మాట రాశారు: "ఒక నిమిషం బాగా లాగి". ఆ నిమిషం ఎక్కణ్నుంచి వచ్చింది? కార్బ్యురేటర్ అడుగున ఫ్లోట్ బౌల్ ఉంటుంది కదా, అందులో ఎప్పుడూ కొంత పెట్రోల్ నిల్వ ఉంటుంది. ఇంజన్‌కు పెట్రోల్ వదిలే సన్న రంధ్రం, మెయిన్ జెట్, ఆ నిల్వలోంచే తీసుకుంటుంది. 30 హెచ్‌పీ పాత టూ-స్ట్రోక్ ఫుల్ థ్రాటిల్‌లో గంటకు ఇంచుమించు 11, 12 లీటర్లు తాగుతుంది. అంటే నిమిషానికి దాదాపు 200 మిల్లీలీటర్లు. పంపు నుంచి బౌల్‌లోకి 160 మాత్రమే వస్తోందనుకుందాం. నిమిషానికి 40 తరుగు. బౌల్‌లో ఉన్నది కూడా అంతే అనుకుంటే, నిమిషం తిరిగేసరికి బౌల్ ఖాళీ. ఇంజన్ దిగిపోతుంది. మీరు థ్రాటిల్ తగ్గించగానే వాడకం పడిపోతుంది, పంపు పోసేది మిగలడం మొదలవుతుంది, ఇరవై సెకన్లలోపే బౌల్ మళ్లీ నిండుతుంది. అందుకే మళ్లీ ఫుల్ ఇచ్చినప్పుడు మళ్లీ ఒక నిమిషం. సగం థ్రాటిల్‌లో ఎంతసేపైనా పోవడానికి కారణమూ ఇదే. ఆ స్పీడుకు వచ్చే పెట్రోల్ సరిపోతోంది.

మిగతా అనుమానాలను దీని పక్కన పెట్టి చూడండి. మెయిన్ జెట్‌లో చెత్త ఉంటే ఆ నిమిషం కూడా ఇవ్వదు. థ్రాటిల్ తెరిచిన కొన్ని క్షణాల్లోనే బండి పీకడం మానేస్తుంది. స్పార్క్‌కు కరెంటు ఇచ్చే కాయిలో స్టేటరో వేడెక్కి ఫెయిలవుతుంటే, వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, చల్లబడటానికీ అంతే. పదిహేను ఇరవై సెకన్లలో కోలుకోదు. ఇక కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పిస్టన్ పుట్టించే ఒత్తిడి, పోయిన ఇంజన్ స్టార్టింగ్‌లోనే ఏడిపిస్తుంది, అన్ని స్పీడుల్లోనూ నీరసంగానే ఉంటుంది. ఒకటి రెండు లాగుళ్లకే అందుకుని, నిమిషం పాటు బ్రహ్మాండంగా లాగి చూపించదు.

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక పని మాత్రం ఈ రోజే మానేయండి. "ఈసారైనా లాగుతుందేమో" అని ఫుల్ ఇచ్చి, దిగిపోతున్నా థ్రాటిల్ అలాగే పట్టుకుని ఉండటం. టూ-స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌తో కలిసే వస్తుంది. పెట్రోల్ తగ్గిందంటే ఆయిల్ కూడా తగ్గినట్టే. పైగా పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైన మిశ్రమం, మెకానిక్కులు లీన్ అంటారే, అది పిస్టన్‌ను విపరీతంగా వేడెక్కిస్తుంది. వేడి పెరిగింది, ఆయిల్ తగ్గింది, ఇంజన్ చూస్తే పూర్తి వేగంలో ఉంది. పిస్టన్ బోరుకు పట్టేసి సీజ్ అవడం, పిస్టన్ తలలో చిల్లు పడటం ఇలాంటప్పుడే జరుగుతాయి. మీ మెకానిక్ చెప్పిన మాట అప్పుడు నిజంగానే నిజమవుతుంది. కింద చెప్పే టెస్టుల్లో ఫుల్ ఇవ్వక తప్పదు. ఇచ్చినా, శబ్దం దిగడం మొదలవగానే, ఫలితం తేలిన క్షణంలో, థ్రాటిల్ తగ్గించేయండి.

కంప్రెషన్ సంగతి ఒకసారి తేల్చేసుకుందాం, మనసులో పురుగు తొలిచేస్తూ ఉండకుండా. తాడు లాగితే చేతికి కొంత తెలుస్తుంది, కాదనను. కానీ ఇంజన్ విప్పాలా వద్దా అన్నది గేజ్ చెప్పాలి. ఇంజన్ కాస్త వేడెక్కాక ఆపి, రెండు ప్లగ్గులూ తీసేయండి. ప్లగ్ వైర్లను ఇంజన్ బాడీకి ఎర్త్ చేయండి, లేకపోతే స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ పెట్టె, సీడీఐ, దెబ్బతినొచ్చు, ప్లగ్ రంధ్రాల దగ్గర పెట్రోల్ ఆవిరికి నిప్పు కూడా అంటుకోవచ్చు. ఒక ప్లగ్ రంధ్రంలో కంప్రెషన్ గేజ్ బిగించి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, గేజ్ ముల్లు ఇక పెరగడం మానేసేదాకా తాడు గట్టిగా లాగండి. రెండో సిలిండర్‌కూ అన్నే లాగుళ్లు. ఈ తరహా ఇంజన్లలో చాలావాటికి 100 నుంచి 130 పీఎస్‌ఐ మధ్యలో వస్తుంది. గేజ్‌కూ గేజ్‌కూ తేడా ఉంటుంది కాబట్టి అసలు అంకె కంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది 10 శాతం లోపుంటే నిశ్చింత. 15 దాటితే అనుమానించాలి. తక్కువున్న సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె ఎగబాకితే రింగులో బోరో అరిగినట్టు. కదలకపోతే హెడ్ గ్యాస్కెట్, లేదా పిస్టనే. అలా తేలితే కింద రాసినదంతా మీకు అనవసరం, మెకానిక్ మాటే నెగ్గింది. నా అంచనా అలా తేలదని.

ఇంకొక చిన్న సందేహం కూడా తీర్చుకోవాలి. దిగిపోతున్నది ఇంజనా, పడవా? మీ మాటల్ని బట్టి ఇంజనే అనిపిస్తోంది. అయినా చెవిపెట్టి వినండి. శబ్దం పైకి లేచి, ఇంజన్ గోల పెడుతూ, పడవ మాత్రం వేగం తగ్గితే అది పెట్రోల్ సమస్య కాదు. ప్రొపెల్లర్ మధ్యలో ఉండే రబ్బరు బుష్ జారుతోందన్నమాట. తక్కువ లోడ్‌లో పట్టి ఉంటుంది, ఫుల్ ఇచ్చేసరికి జారుతుంది. లోపలి ఇనుప హబ్ నుంచి బయటి భాగం మీదికి పెయింట్‌తో ఒక గీత గీసి, ఫుల్ ఇచ్చి వచ్చి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే దొంగ దొరికినట్టే. అలా కాకుండా మొదటి క్షణం నుంచీ ఇంజన్ ఎప్పుడూ పూర్తి స్పీడు అందుకోకుండా, ఒకే మందకొడి వేగంలో ఉంటే, ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువై ఉండొచ్చు, పడవ అడుగున పాచి పేరుకుని ఉండొచ్చు, లోపల నీళ్లు చేరి బరువెక్కి ఉండొచ్చు. మీది నిమిషం తర్వాత దిగుతోంది కాబట్టి ఇవేవీ సరిపోవు.

ఇప్పుడు అసలు టెస్టు. ఇది ఒడ్డున చేసేది కాదు. డ్రమ్ములో పెట్టి రేజ్ చేసినా, మోటార్ అడుగున ఉండే గేర్‌కేస్‌కు రబ్బరు కప్పులు తగిలించి గొట్టంతో నీళ్లు ఎక్కిస్తూ రేజ్ చేసినా ఇంజన్ మీద అసలు లోడ్ పడదు. లోడ్ లేనప్పుడు పెట్రోల్ వాడకం తక్కువ, కాబట్టి జబ్బు కనపడదు. పైపెచ్చు లోడ్ లేని ఇంజన్ హద్దు దాటి తిరిగి, కనెక్టింగ్ రాడ్ విరిగే ప్రమాదం ఉంది. నీళ్లలో, పడవ పరుగెడుతుండగానే చూడాలి. ఇద్దరు కావాలి. ఒకరు నడపాలి, వారి ఒంటికి కిల్ స్విచ్ తాడు (మనిషి పడితే ఇంజన్ ఆపేసేది) తగిలించి ఉండాలి. రెండో మనిషి కూర్చుని, పెట్రోల్ పైపు మధ్యలో ఉండే రబ్బరు ప్రైమర్ బల్బ్ చేతిలో పట్టుకోవాలి. ఇద్దరికీ లైఫ్ జాకెట్లు. ఎదురుగా ఎవరూ లేని చోట ఫుల్ ఇవ్వండి. శబ్దం దిగడం మొదలవగానే రెండో మనిషి బల్బ్‌ను వరసగా, గట్టిగా నొక్కాలి.

నొక్కుతుంటే ఇంజన్ మళ్లీ అందుకుందా? అయితే విషయం తేలిపోయింది. పంపు చేయలేని పనిని మీ చెయ్యి చేస్తోంది. ఇంజన్, ప్లగ్గులు, కాయిల్, జెట్ అన్నీ బాగానే ఉన్నాయి. తప్పు ట్యాంక్ నుంచి పంపు దాకా ఉన్న దారిలో ఉంది, లేదా పంపులోనే ఉంది.

నొక్కడానికి ముందు ఆ బల్బ్ ఎలా ఉందో కూడా గమనించమని చెప్పండి. అది చెప్పేది చాలా ఉంది. రెండు వైపులా లోపలికి అతుక్కుపోయి చప్పిడిగా అయి ఉంటే, పంపు లాగుతోంది గానీ వెనకనుంచి రావడం లేదు. అడ్డు బల్బ్‌కూ ట్యాంక్‌కూ మధ్య ఉంది. అలా కాకుండా గుండ్రంగానే ఉండి, నొక్కితే లోపల గాలి ఉన్నట్టు తేలిగ్గా పోతుంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. గుండ్రంగా, లోపల పెట్రోల్ నిండుగా ఉంటే పంపును అనుమానించాలి. ఇంజన్ నడుస్తున్నంతసేపూ బల్బ్ రాయిలా గట్టిగా ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. పంపు లాగుతున్నప్పుడు అది కాస్త మెత్తబడటం మామూలే.

చప్పిడి అయిన బల్బ్‌కు మొదటి కారణం, చెబితే నవ్వొస్తుంది గానీ, ట్యాంక్ మూత మీద గాలి కోసం ఉండే చిన్న స్క్రూ బిగించి ఉండటం. పెట్రోల్ బయటికి పోతున్న కొద్దీ లోపలికి గాలి రాకపోతే ట్యాంక్ వాక్యూమ్ అయిపోతుంది. దిగిపోయిన వెంటనే మూత వదులు చేయండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే కారణం అదే. స్క్రూ తెరిచి ఉన్నా లోపల తుప్పుతోనో మురికితోనో మూసుకుపోయి ఉండొచ్చు, అందుకని ఒకసారి మూతే తీసేసి పరీక్షించండి. రెండోది, ట్యాంక్ లోపల అడుగుదాకా దిగే గొట్టం చివరన ఉండే జాలీ. పాత ట్యాంకుల్లో దానికి జిగురు పట్టి ఉంటుంది. ఫుల్ ఇచ్చినప్పుడు అడుగున ఉన్న చెత్తంతా వచ్చి అక్కడ చేరుతుంది, ఆపగానే కిందికి జారిపోతుంది, మీరు తీసి చూసేసరికి ఏమీ కనపడదు. పడవలోనే బిగించిన ట్యాంకైతే, అవుట్‌లెట్ దగ్గర, పెట్రోల్ దానంతట అదే కారిపోకుండా ఆపే యాంటీ-సైఫన్ వాల్వ్ ఉంటుంది. దాని లోపలి గోళీ ఇరుక్కున్నా ఇదే లక్షణం.

మూడోది పైపు. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మనుషుల్ని ఎక్కువగా మోసం చేసేది ఇదే. పాత పైపు బయటికి నిగనిగలాడుతూ ఉంటుంది. లోపలి పొర మాత్రం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు ఉబ్బి, గోడ నుంచి ఊడి వచ్చేస్తుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు ఆ ఊడిన పొర పక్కకు ఒదిగి దారిస్తుంది. ప్రవాహం పెరిగి లాగుడు ఎక్కువైతే అది లేచి దారికి అడ్డంగా పడుతుంది. ఇంజన్ ఆపితే మళ్లీ ఒదిగిపోతుంది. నోటితో ఊది చూసినా గాలి హాయిగా పోతుంది, ఎక్కడా దోషం కనపడదు. పాత పైపు చివర ఒక అంగుళం కోసి, లోపల చిటికెన వేలి గోటితో గీరి చూడండి. నల్లటి పొర పొలుసుల్లా లేచిందంటే మొత్తం పైపూ, బల్బూ కలిపి మార్చేయడమే, మధ్యలో అతుకులు వద్దు. అలాగే ఎవరైనా ఇదివరకు బైక్ పెట్రోల్ పైపు ముక్క అతికించారేమో చూడండి. ఈ సైజు ఇంజన్లకు లోపలి వ్యాసం సాధారణంగా 8 మిల్లీమీటర్లు ఉండాలి. సన్న పైపు సగం థ్రాటిల్‌కు చాలుతుంది, ఫుల్‌కు చాలదు.

గాలి పీల్చడం ఇంకో రకం ఇబ్బంది. పెట్రోల్ కారుతుంటే కంటికి కనపడుతుంది, వాసన వస్తుంది. కానీ పంపుకు వెనక ఉన్న దారిలో లాగుడే తప్ప తోపుడు ఉండదు కాబట్టి, అక్కడ చిల్లు ఉంటే పెట్రోల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. చిల్లు పడ్డ స్ట్రాతో తాగితే నోట్లోకి వచ్చేది గాలేగా, ఇదీ అంతే. ఎక్కువగా దొరికిపోయేది ఇంజన్ దగ్గర పైపు తగిలించే కనెక్టర్. దాని లోపల చిన్న ఓ-రింగ్ ఉంటుంది. కొత్తది మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. అరిగినది ఒక వైపు చదునై, గోరుతో నొక్కితే తిరిగి లేవదు. పైపు, బల్బ్ కలిసే చోట ఉండే క్లాంపులు కూడా చూడండి. కచ్చితంగా తేల్చుకోవాలంటే బల్బ్‌కూ పంపుకూ మధ్య ఒక జానెడు పారదర్శక పెట్రోల్ పైపు ముక్క తాత్కాలికంగా పెట్టండి. స్టార్ట్ చేసినప్పుడు నాలుగు బుడగలు కనపడటం పెద్ద విషయం కాదు. ఫుల్ ఇచ్చినప్పుడు ఆగకుండా బుడగల వరస వస్తుంటే గాలి పీలుస్తున్నట్టే. టెస్టు అవగానే ఆ ముక్క తీసేయండి, అది కలకాలం ఉండేది కాదు.

ఇన్ని చూసే ఓపిక లేదంటారా, అడ్డదారి ఒకటుంది, నిజానికి నేనైతే ముందు ఇదే చేస్తాను. బాగా నడుస్తున్న ఇంకో ఔట్‌బోర్డ్ ఉన్నవాళ్ల దగ్గర ట్యాంక్, పైపు, బల్బ్ మొత్తం సెట్టు ఒక పూటకు అడిగి తెచ్చుకోండి. కనెక్టర్ మీ ఇంజన్‌కు సరిపోవాలి, అంతే. ఆ సెట్టుతో ఫుల్ థ్రాటిల్‌లో ఐదు నిమిషాలు ఆగకుండా లాగిందా, మీ ఇంజన్‌కు స్పానర్ తగిలించాల్సిన పనే లేదు. లాగలేదా, అప్పుడు పంపు మీదికి వెళ్లండి.

ఈ ఇంజన్ల పెట్రోల్ పంపు చాలా చిన్న వస్తువు. క్రాంక్‌కేస్‌లో పిస్టన్ పైకీ కిందికీ పోతున్నప్పుడు పుట్టే ఒత్తిడి తేడాతో ఒక పల్చటి పొర, డయాఫ్రం, కొట్టుకుంటూ పెట్రోల్‌ను నెడుతుంది. ఏళ్లు గడిచాక ఆ పొర గట్టిపడుతుంది, లేదా సాగిపోతుంది. కొట్టుకుంటూనే ఉంటుంది గానీ ఫుల్ థ్రాటిల్‌కు కావాల్సినంత తోయలేదు. పంపు విప్పి డయాఫ్రంను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. సూదిమొనంత చిల్లు ఉన్నా వెలుగు చుక్కలా కనపడుతుంది. అంచుల దగ్గర అలల్లా ముడతలు పడి ఉన్నా, వేళ్ల మధ్య వంచితే కాగితంలా చప్పుడు చేసినా పనికిరాదు. చిల్లు పడితే ఇంకో చిక్కుంది: పెట్రోల్ ఆ దారిన నేరుగా క్రాంక్‌కేస్‌లోకి పోయి, ఆ సిలిండర్ ప్లగ్గు నల్లగా తడిసి ఉంటుంది. పంపు కిట్ అని డయాఫ్రం, గ్యాస్కెట్లు, చిన్న వాల్వులు కలిపి దొరుకుతుంది. ఇంత పాత మోటార్‌లో బాగుందా లేదా అని చూస్తూ కూర్చోకుండా మొత్తం కిట్ వేసేయడమే మేలు. విప్పేటప్పుడు పొరల వరసను ఫోటో తీసుకోండి. గ్యాస్కెట్ ఒకటి తారుమారైతే పంపు అసలు పనిచేయదు. కారు ఎలక్ట్రిక్ పంపు పెట్టేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. దాని ఒత్తిడికి ఫ్లోట్ సూది ఆగక పెట్రోల్ పొంగిపోతుంది. పైపు ఊడితే ఇంజన్ ఆగినా అది పడవలోకి పోస్తూనే ఉంటుంది.

బల్బ్ నొక్కినా ఏ మార్పూ లేదనుకోండి. అప్పుడు ఇంకో చిన్న పరీక్ష: దిగుతున్న క్షణంలో చోక్‌ను కొద్దిగా, ఒక్క సెకను పాటు లాగి వదలండి. ఇంజన్ ఊపందుకుంటే ఇంకా పెట్రోల్ కరువే, అయితే అది కార్బ్యురేటర్ లోపల. మీరు రెండుసార్లు కడిగానన్నారు. జెట్లు కడిగి ఉంటారు. పెట్రోల్ బౌల్‌లోకి దిగే చోట ఉండే సూది, దాని సీటు, కొన్ని మోడళ్లలో దానికి ముందుండే చిన్న జాలీ, ఇవి చూశారా? అక్కడ సగం అడ్డుపడితే బౌల్ నిండటమే నెమ్మదిస్తుంది. పైన చెప్పిన నిమిషం లెక్క అప్పుడూ వర్తిస్తుంది. ఫ్లోట్ ఎత్తు మాన్యువల్‌లో చెప్పినట్టు ఉందో లేదో కొలవండి. బౌల్ అడుగున నీటి చుక్కలు ఉన్నాయా చూడండి, పెట్రోల్ కింద గోళీల్లా దొర్లుతూ కనపడతాయి. మెయిన్ జెట్‌ను కార్బ్ క్లీనర్, గాలి ఒత్తిడితోనే శుభ్రం చేయాలి. తీగ పెట్టి పొడిస్తే రంధ్రం సైజు మారిపోతుంది, ఆ తర్వాత ఏ సర్దుబాటూ పనిచేయదు.

చోక్ లాగితే ఇంకా కుదేలైతే పెట్రోల్ ఎక్కువవుతోంది, లేదా స్పార్క్ సరిపోవడం లేదు. ఆ సమయంలో ప్లగ్గులు బాగా చెబుతాయి. ఫుల్‌లో దిగుతున్నప్పుడు ఐడ్లింగ్‌కు తేకుండా కిల్ స్విచ్‌తో నేరుగా ఆపేసి, అక్కడే ప్లగ్గులు తీసి చూడండి. రెండూ తెల్లగా సున్నం రంగులో ఉంటే లీన్. లేత గోధుమరంగు అయితే అంతా సవ్యం. ఒకటి బాగుండి ఇంకొకటి తడిగా నల్లగా ఉంటే ఆ సిలిండర్‌లో స్పార్క్ పోతోంది. స్పార్క్ పోయే తీరే వేరుగా ఉంటుంది కూడా. పెట్రోల్ చాలకపోతే శబ్దం జారినట్టు మెల్లగా దిగుతుంది. స్పార్క్ పోతే కత్తితో కోసినట్టు ఒక్కసారిగా పడిపోయి, మళ్లీ అంతే హఠాత్తుగా అందుకుంటుంది. అలా ఉంటే గ్యాప్ మార్చగలిగే స్పార్క్ టెస్టర్ తెచ్చుకోండి. సీడీఐ ఇంజన్లలో చాలావాటికి స్పార్క్ దాదాపు 11 మిల్లీమీటర్ల గ్యాప్‌ను నీలంగా, టపటపమని దూకాలి. ప్లగ్ క్యాపులు, ఎర్త్ వైరు చివర్లు, కిల్ స్విచ్ వైరు ఎక్కడైనా ఒరుసుకుని రాగి బయటపడిందా అన్నవి కాయిల్ కొనే ముందే చూసుకోవాలి.

ఇంజన్‌ను చల్లబరిచి బయటికి చిమ్మే సన్నటి నీటి ధార గురించి మీరేమీ రాయలేదు. ఫుల్‌లో కూడా ఆ ధార బలంగా రావాలి. సన్నబడినా, ఆవిరి పట్టినా, ఆ నీళ్లను తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, మార్చే సమయం వచ్చినట్టు. ఎప్పుడు మార్చారో తెలియని సెకండ్ హ్యాండ్ మోటార్‌కు అదెలాగూ మార్చాల్సిందే. వేడెక్కుతోందా అన్న అనుమానం ఉంటే, ఇంజన్ ఆపిన వెంటనే సిలిండర్ హెడ్ మీద ఒక నీటి చుక్క వేయండి. చుయ్‌మని ఎగిరిపోకూడదు. కొన్ని మోడళ్లలో వేడెక్కితే ఇంజన్ తనంతట తానే స్పీడు తగ్గించుకునే ఏర్పాటు ఉంటుంది. మీ ఇంజన్‌కు అది ఉందేమో మాన్యువల్‌లో చూడండి.

ఇంకో రెండు చిన్న విషయాలు. ఇంజన్ ఆపి, థ్రాటిల్ హ్యాండిల్ పూర్తిగా తిప్పి, కార్బ్యురేటర్ నోట్లోకి తొంగి చూడండి. లోపలి బిళ్ల పూర్తిగా తెరుచుకుంటోందా? కేబుల్ సాగితే ఫుల్ అనుకున్నది ముప్పావే అవుతుంది. అలాగే ఒకసారి ఇంజన్ పై మూత తీసి ఫుల్ ఇవ్వండి, తిరిగే ఫ్లైవీల్‌కు చేతులూ, వదులు బట్టలూ దూరంగా ఉంచి. మూత లేకపోతే హాయిగా లాగుతుందంటే, మూతకు గాలి వచ్చే దారి మూసుకుపోయింది, లేదా సైలెన్సర్ పొగ లోపలే లీకై ఇంజన్ దాన్నే పీలుస్తోంది.

ఏది మార్చినా ఒక్కటే మార్చి, నీళ్లలో నడిపి చూశాకే రెండోది ముట్టుకోండి. పైపు, పంపు కిట్, కాయిల్ ఒకేసారి మారిస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, మళ్లీ వస్తే మళ్లీ మొదటికే.

అమ్మే విషయానికొస్తే, గేజ్‌లో రెండు సిలిండర్లూ సమానంగా ఉంటే ఆ ఇంజన్‌ను వదులుకోవద్దు. ఇంత తేలిగ్గా స్టార్ట్ అయి, సగం థ్రాటిల్‌లో ఇంత నిలకడగా నడిచే పాత టూ-స్ట్రోక్ దొరకడం కష్టం. పైగా ఈ స్థితిలో అమ్మితే కొనేవాళ్లు కూడా "ఇంజన్ పోయింది" అన్న లెక్కనే ధర కడతారు.

ఆయిల్ మాత్రం ఎక్కువ కలపకండి. అది జాగ్రత్త కాదు. జెట్ గుండా పోయే మిశ్రమంలో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోల్ వాటా తగ్గుతుంది, అసలే పెట్రోల్ చాలని ఇంజన్ ఇంకాస్త లీన్ అవుతుంది. ప్లగ్గులు మురికి పట్టడం, రింగుల దగ్గర, ఎగ్జాస్ట్‌లో మసి పేరుకోవడం దానికి తోడు. మీ మోడల్ మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే 10 లీటర్ల ట్యాంక్‌కు 200. మరీ పాత మోడళ్లకు 25:1 ఉంటుంది, అప్పుడు లీటరుకు 40. ఏది రాసి ఉంటే అది కొలపాత్రతో పోయండి, కంటి అంచనాతో వద్దు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్న ఔట్‌బోర్డ్ ఆయిలే వాడండి. బైకుల టూ-స్ట్రోక్ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది, దాన్ని ఇందులో పోయకండి.